లెక్క పూర్తయితేనే బండి కదిలేది

గంగులమ్మ మొదటిసారి మా షాపులో కుట్టించుకున్నప్పుడే నాతో పోట్లాడింది. జాకెట్టు చంకలో బిగుతుగా ఉందని ఆమె, కొలత ఇచ్చింది నువ్వేనని నేను. పిల్లను ఎత్తుకుంటే చేయి ఆడడం లేదని, కొలత తీసినప్పుడు పిల్ల చంకలో లేదని ఆమె తేల్చి చెప్పింది. కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను.

కువైట్‌లోని ఫర్వానియాలో నాది రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల పట్టేంత షాపు. సెలవు దొరికిన శుక్రవారాల్లో మన కడప, రాయచోటి వైపు ఆడవాళ్ళు వస్తారు. కొలతలిచ్చి వెళ్ళరు, కూర్చుంటారు. పని చేసే ఇళ్ళ సంగతులన్నీ నా చెవిన వేస్తారు. గల్ఫ్ అనగానే ముక్కు చీదుతూ కథలు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఇక్కడా మనుషులు తింటున్నారు, నవ్వుతున్నారు, జాకెట్టు కుదరకపోతే టైలర్‌ను తిడుతున్నారు. గంగులమ్మ గురించి కూడా ఉన్నదున్నట్టే చెబుతాను. ఇందులో సగం ఆమె ఫోన్లో చెప్పింది, సగం ఆమె పనిచేసిన ఇంటి డ్రైవర్, మనవైపు వాడే, ఖాజా హుస్సేన్ చెప్పాడు. ఖాజా దేన్నయినా సాగదీసి చెప్పే మనిషి. ఎక్కువైన గుడ్డ కత్తిరించడం నా వృత్తి కాబట్టి ఇబ్బంది లేదు.

ఆమెది చిన్నమండెం దగ్గర పల్లె. మొగుడు ఇంకో ఇల్లు చూసుకున్నాక, కూతురు పుష్పలతను తల్లి దగ్గర వదిలి విమానమెక్కింది. మిష్రిఫ్‌లో ఒకే ఇంట్లో పదిహేడేళ్ళు చేసింది. ఇన్నేళ్ళు ఒకే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, దగ్గర ఉండడం మాలో గొప్పే. ఆమె చేరినప్పుడు ఆ ఇంటి కోడలు హెస్సా కొత్త పెళ్ళికూతురు. ఇక్కడ ఇంటావిడను పనివాళ్ళందరూ 'మామా' అనే పిలుస్తారు, అమ్మ అని. ఇద్దరు మగపిల్లల తర్వాత కొన్నేళ్ళకు మామాకు ఆడపిల్ల పుట్టింది. పేరు దానా. నా చేత జాకెట్టు కుట్లు విప్పించిన పిల్ల ఈమే.

మామా అప్పట్లో స్కూల్ టీచరు. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి వచ్చేది. దానా గంగులమ్మ చంకలోనే పెరిగింది కాబట్టి ఆ పిల్లకు మొదట వచ్చింది తెలుగే. తెలుగంటే బడి తెలుగు కాదు, చిన్నమండెం తెలుగు. 'బువ్వ' అనేది, 'యాడికి' అనేది, గంగులమ్మను 'అవ్వా' అని పిలిచేది. కువైటీ ఇళ్ళలో ఇది కొత్తేమీ కాదు. పిల్ల ముద్దుగా మాట్లాడుతుంటే ఇంటిల్లిపాదీ వీడియోలు తీసుకుని నవ్వుకున్నారు.

గంగులమ్మ ఆ పిల్లకు ఒక పద్ధతి కూడా నేర్పింది. గడప దాటేవాళ్ళు 'పోయొస్తా' అని చెప్పాలి. ఇంట్లో ఉన్నవాళ్ళు 'పోయిరా' అనాలి. అప్పుడే అడుగు బయట పెట్టాలి. 'పోతాండా' అనే మాట నోట రాకూడదు, అంటే ఇక రానని చెప్పినట్టు. మనందరి ఇళ్ళలో ఉన్నదే. కానీ ఆ పిల్ల దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, వాళ్ళ నాన్న ఆఫీసుకు బయల్దేరితే అడ్డంగా నిలబడేది. పాపం ఆయన ఏ మంత్రిత్వ శాఖలోనో పెద్ద అధికారి, రోజూ పొద్దున్నే 'పోయొస్తా' అని చెబితే గానీ కారెక్కలేకపోయేవాడు. గంగులమ్మ రెండేళ్ళకోసారి సెలవు మీద ఊరికి వెళ్ళేటప్పుడు కూడా అంతే. 'పోయొస్తా' అనేది, పిల్ల 'పోయిరా' అనేది. చెప్పినట్టే తిరిగి వచ్చేది.

స్కూల్లో వేసిన రోజు గొడవ మొదలైంది. ఒకటో తరగతి గుమ్మం దగ్గర దానా వెనక్కి తిరిగి, క్లాసంతా వినేట్టు "పోయొస్తా అవ్వా" అని అరిచింది. పిల్లలు నవ్వారు. దాహమేసి తెలుగులో నీళ్ళడిగితే మళ్ళీ నవ్వారు. ఎవరో 'పనామె కూతురు' అని పేరు పెట్టారు. మేనమామ పిల్లలు అదే స్కూలు, వాళ్ళూ ఆ పేరే పట్టుకున్నారు. నెల తిరిగేసరికి దానా స్కూల్లో నోరు తెరవడం మానేసింది. టీచరు ఏదడిగినా గోడ చూసేది. ఇంట్లో మాత్రం గలగలా మాట్లాడేది.

మామా ఒక నిర్ణయం తీసుకుంది. ఉద్యోగం మానేసి పిల్లను ఇంట్లోనే కూర్చోబెట్టి, ఏదో దూరదేశపు ఆన్‌లైన్ పాఠాలు పెట్టుకుని తానే చదువు చెప్పసాగింది. ఆ రోజే గంగులమ్మతో ఇంకో మాట కూడా చెప్పింది. ఇకమీదట ఈ ఇంట్లో పిల్లతో తెలుగు మాట్లాడకూడదు. అవ్వ లేదు, గంగా అనే పిలవాలి. గంగులమ్మకు గుండె చివుక్కుమంది. కానీ తప్పు పట్టలేదు. వాళ్ళ బిడ్డ, వాళ్ళ భాష. ఆ రోజు నుంచి పిల్లతో అరబ్బీనే మాట్లాడింది. దానా కూడా వారం తిరక్కుండానే 'గంగా' అనడం మొదలుపెట్టింది. అది గంగులమ్మకు ఇంకో నొప్పి, మా షాపులో కూర్చుని ఒప్పుకుంది.

"మర్చిపోయిందన్నా. పిల్లలు గదా, నేర్చుకోను ఎంతసేపో మర్చిపోనూ అంతేసేపు" అంది.

ఇలా నాలుగేళ్ళు గడిచాయి. డైనింగ్ టేబులే తరగతి గది. దానా చదువులో చురుకు, లెక్కల్లో మరీ. మామా ఒక లెక్క చెప్పి కాఫీ పోసుకునే లోపు పిల్ల జవాబు చెప్పేదట. అరబ్బీ, ఇంగ్లీషు బాగా వచ్చాయి. తెలుగు మాట ఒక్కటీ ఆ పిల్ల నోట వినబడలేదు.

ఈలోగా గంగులమ్మ మోకాళ్ళు అరిగాయి. మేడ మెట్లెక్కితే ఒకటే నొప్పి. ఊళ్ళో పుష్పలత ఇల్లు కట్టుకుంది, వచ్చేయమ్మా అంటోంది. పోయిన వర్షాకాలం గంగులమ్మ మామాను కూర్చోబెట్టి, చలికాలంలో వీసా క్యాన్సల్ చేసి పంపించమని అడిగింది. మామా ఏడ్చింది, ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. దానాకు చెప్పకూడదు.

ఇక్కడ పనామె వెళ్ళిపోయే పద్ధతి ఒకటుంది. పిల్లలు స్కూల్లో ఉన్నప్పుడు పంపేస్తారు. పొద్దున్నే పిల్లలకు జడ వేసి, బస్సెక్కించి, ఆమె పెట్టె సర్దుకుని విమానాశ్రయానికి వెళ్తుంది. సాయంత్రం పిల్లలు వచ్చేసరికి ఆ గదిలో ఇంకొకామె ఉంటుంది. ఏడుపులు, పట్టుకుని వేలాడడాలు ఉండవు. నా షాపుకొచ్చే ఆడవాళ్ళలో సగంమంది ఇలా వచ్చినవాళ్ళే, మిగతా సగం ఏదో ఒకనాడు ఇలా వెళ్ళాల్సినవాళ్ళు. క్రూరమని నేననను, సుళువని మాత్రం అంటాను.

గంగులమ్మ బతిమాలింది. పదేళ్ళు పెంచిన బిడ్డ, ఒక్క మాట చెప్పి పోనిమ్మంది. ఆమె కోరుకున్నది ఆ ఒక్కటే. మామా ఒప్పుకోలేదు. ఒకసారి గంగులమ్మ సెలవు మీద వెళ్తే పిల్లకు వారం రోజులు జ్వరం తగ్గలేదు. తిరిగొస్తుందని తెలిసే అంత చేసింది, రాదని తెలిస్తే మళ్ళీ మాటలు మానేస్తుందేమోనని మామా భయం. ఒట్టు వేయించుకుంది. గంగులమ్మ రాయచోటి వీరభద్రస్వామి మీద ఒట్టు పెట్టింది. ఆయనెవరో మామాకు తెలియదు గానీ గంగులమ్మ ముఖం చూసి నమ్మింది.

ఇక చిక్కల్లా ఒకటే. దానా బడికి పోదు. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఇంట్లోనే, గంగులమ్మ కళ్ళెదుటే. పంపించేది ఎప్పుడు?

ఆ చిక్కు విప్పింది ఆస్ట్రేలియా. ఇంట్లో చదువు చెప్పే తల్లుల వీడియోలు చూడడం మామాకు అలవాటు. అందులో ఒక ఆస్ట్రేలియా కుటుంబంవాళ్ళు కారు వెనక కరవాన్, అదే చక్రాల మీద ఇల్లు, తగిలించుకుని ఎర్రమట్టి ఎడారి ఊళ్ళన్నీ తిరుగుతారు. ఒక పెట్రోల్ బంకు, ఒక కొట్టు ఉండే ఊళ్ళు. కరవాన్ నీడలో మడత బల్ల వేసుకుని వాళ్ళ పిల్ల చదువుకుంటుంది. మామాకు అది బాగా నచ్చింది. మనకూ ఎడారి ఉంది, కరవాన్ ఉంది, చలికాలం ఉంది. ఊరూరా ఆగి, ఆ ఊరికి సంబంధించిన పాఠం చెప్పుకుంటూ వెళ్దాం అంది. ఆఖరి మజిలీ ఉత్తరాన అబ్దలీలో తన అన్న పొలం. అక్కడ గుర్రాలున్నాయి, ఒక పిల్లగుర్రం కొత్తగా పుట్టింది. దానా దాన్ని చూస్తూ మైమరిచి ఉన్నప్పుడు ఖాజా గంగులమ్మను కారెక్కించుకుని విమానాశ్రయానికి తీసుకెళ్తాడు. టికెట్ గురువారం సాయంత్రానికి. పెట్టె ముందే సర్ది, దానా కంటపడకుండా కారు డిక్కీలో అడుగున పెట్టారు.

కువైట్‌లో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నానికి దేశం అయిపోతుంది. దాన్ని పది రోజులకు సాగదీయాలంటే ఏదో ఒక అడ్డం ఉండాలి. అందుకని మామా ఒక నియమం పెట్టింది. ఆ ఊరి లెక్క పూర్తయితేనే బండి కదిలేది. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది?

బయల్దేరింది నలుగురు. మామా, దానా, గంగులమ్మ, బండి తోలడానికి ఖాజా. మగపిల్లలను తీసుకుని నాన్నగారు అబ్దలీకి నేరుగా వస్తానన్నారు. మొదటి మజిలీ దక్షిణాన వఫ్రా. టమాటా తోటలు, దోసకాయల గ్రీన్‌హౌస్‌లు, కూరగాయల సంత. తోట పొడవూ వెడల్పూ చెప్పి ఎన్ని మొక్కలు పడతాయో లెక్క కట్టమంది మామా. దానా అలా చూసి ఇలా చెప్పేసింది. మామా ముఖం వెలిగిపోయింది.

ఆ మధ్యాహ్నం మామా లోపల కునుకు తీస్తుంటే గంగులమ్మ కరవాన్ పక్కన చాప వేసుకుని ఉల్లిపాయలు తరుగుతూ కూతురికి ఫోన్ చేసింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి స్పీకర్ పెట్టింది. పక్కనే దానా బోర్లా పడుకుని రంగులు వేసుకుంటోంది.

"మ్మే పుష్పా, ఆ బాత్రూంలో కూచునేది పెట్టించినావా లేదా? నేను కింద కూచోలేనని ఎన్నితూర్లు చెప్పాల నీకు?"

"మేస్త్రీ రాలేదుమా. వస్తాడ్లే."

"నేనొచ్చినాక వస్తాడా? వచ్చే బేస్తవారమే బయల్దేరేది. ఈ తూరి సెలవు గాదు, ఖలాస్, మళ్ళా వచ్చేది లేదు. అబ్దలీలో మజ్రా అని పొలం ఉండాది, ఆన్నుంచే సీదా విమానానికి. ఈ బిడ్డకు తెలీకుండా."

"చెప్పకుండానే వస్తావామా?"

"ఒట్టు పెట్టినా మే. ఏం చేసేది?"

ఇళ్ళలో పనిచేసే మనవాళ్ళందరికీ ఉన్న అలవాటే ఇది. యజమాని ముందే నిలబడి ఆమె వంట రుచి గురించి ఫోన్లో తెలుగులో చెప్పేస్తారు. ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమా. గంగులమ్మకు నాలుగేళ్ళుగా ఆ ధీమా ఇంకా ఎక్కువైంది. మోకాళ్ళ సంగతి, బాత్రూం సంగతి, క్యాన్సల్ సంగతి అన్నీ ఆ పిల్ల పక్కన కూర్చునే మాట్లాడింది. దానా తల ఎత్తలేదు. రంగు పెన్సిల్ చెక్కుకుని మళ్ళీ వేసుకుంది.

రెండో మజిలీ అహ్మదీ. చెట్ల నీడలు, పాత చమురు కంపెనీ ఇళ్ళు. చమురు పీపాల లెక్క ఇచ్చింది మామా. దానా తప్పు చేసింది. మళ్ళీ చేసింది, మళ్ళీ తప్పు. మర్నాటికి గానీ కుదరలేదు. జహ్రాలో ఎర్రకోట గోడ లెక్క రెండు రోజులు తిన్నది. కూడికలు కూడా తప్పుతున్నాయి. మామా మొదట నవ్వింది, తర్వాత కసిరింది, ఆ తర్వాత తనలో తాను మథనపడింది. సాల్మీ దారిలో ఇసుక మైదానంలో డేరాల మధ్య ఆగేసరికి సోమవారం వచ్చేసింది. అక్కడి లెక్క మంగళవారమూ తెగలేదు.

"నా పెంపకంలోనే ఏదో లోపం ఉంది. ఇంటి చదువు ఇక చాలు. తిరిగి వెళ్ళాక స్కూల్లోనే వేస్తాను" అంది మామా, కాఫీ గ్లాసు పక్కన పెట్టి.

స్కూలన్న మాటకు గంగులమ్మకు మళ్ళీ గోడ చూస్తూ కూర్చునే పిల్ల కళ్ళ ముందు మెదిలింది. తాను నేర్పిన మాటల వల్లే అప్పుడు బడి పోయింది, ఇప్పుడు ఇంటి చదువు కూడా పోతే? ఇటు చూస్తే టికెట్ ముంచుకొస్తోంది.

ఆ సాయంత్రం ఖాజా నీళ్ళ క్యాన్లు దించుతూ గంగులమ్మను అడిగాడు. "అక్కా, దినానికి అయిదు క్యాన్లు అయితాండాయి. ఒకటిన్నర దినముంటే ఎన్ని తేవాల? ఏడా, ఎనిమిదా?"

ఇసుకలో వేలితో గీతలు గీస్తున్న దానా తల ఎత్తకుండానే అరబ్బీలో అంది. "ఏడున్నర. ఎనిమిది తీసుకురా."

ఖాజా సరేనని వెళ్ళిపోయాడు. గంగులమ్మ మాత్రం అక్కడే నిలబడిపోయింది. ఎనిమిది క్యాన్లు క్షణంలో లెక్కగట్టిన పిల్లకు కూడికలు రాకపోవడమేంటి? కావాలనే తప్పులు చేస్తోందని అప్పుడు తట్టింది. ఎందుకో కూడా తనకు తెలుసనుకుంది. బడి సెలవులకు అబ్దలీలో మేనమామ పిల్లలుంటారు. 'పనామె కూతురు' అన్నది వాళ్ళే. వాళ్ళ ముఖం చూడడం ఇష్టం లేక దారిలోనే కాలం గడుపుతోందనుకుంది. తెలివైన ఊహే. తప్పుడు ఊహ.

బుధవారం పొద్దున్నే గంగులమ్మ మడత బల్ల దగ్గర పిల్ల పక్కన కూర్చుంది. ఇది అరబ్బీలో జరిగింది.

"నీకు లెక్కలన్నీ వచ్చు. నాకు తెలుసు" అంది గంగులమ్మ.

దానా పెన్సిల్ చెక్కుకుంది.

"అక్కడ పిల్లగుర్రం ఉంది. మీ మామయ్య పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్ళయ్యారు, ఏమీ అనరు. అన్నా నువ్వు పట్టించుకోకు. ఈ ఒక్కటి చేసెయ్. మామా బాధపడుతోంది."

దానా పెన్సిల్ పక్కన పెట్టి గంగులమ్మ ముఖంలోకి చూసింది.

"గంగా, నీకు అక్కడికి పోవాలని ఉందా?"

"ఉంది."

"చాలా?"

పిల్లను ఎలాగైనా ఒప్పించాలన్న తొందరలో గంగులమ్మ రెండు చేతులూ చాచి చూపించింది. "చాలా. ఇంత ఉంది."

దానా ఆ చాచిన చేతులను ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుంది. ఆ ఊరి లెక్కలు, పక్కనున్నవి, మామా ఇంకా ఇవ్వనివి కూడా గబగబా చేసి పారేసింది. ఒక్కటీ తప్పు లేదు. మామా పిల్లను పట్టుకుని ముద్దులాడింది, స్కూలు మాట మళ్ళీ ఎత్తలేదు. గంటలో బండి అబ్దలీకి కదిలింది. గంగులమ్మ తన తెలివికి తానే మురిసిపోయింది. ఆ రాత్రి పిల్ల తన నైటీ అంచు పిడికిట్లో పట్టుకుని పడుకుంటే, కొత్త చోటు కదా అనుకుంది.

గురువారం భోజనాలయ్యాక మేనమామ పిల్లలు దానాను గుర్రాల దగ్గరికి పిలిచారు. వెళ్ళింది. నాన్నగారు కూడా వెంట వెళ్ళారు. వంటగది వెనక కారు సిద్ధంగా ఉంది. మామా గంగులమ్మను గట్టిగా పట్టుకుని భుజం తడిసేలా ఏడ్చింది. పదిహేడేళ్ళలో ఒకరి కాన్పులు, కోపాలు, జ్వరాలు ఒకరు చూసుకున్నవాళ్ళు. గంగులమ్మ గుర్రాల కొట్టం వైపు ఒకసారి చూసింది. పిల్లల నవ్వులు వినబడుతున్నాయి. ఒట్టు గుర్తొచ్చింది. కారెక్కింది.

పొలం గేటు మూసి ఉంది. దాని కింది కమ్మీ మీద కాళ్ళు పెట్టి, పై కమ్మీ పట్టుకుని దానా నిలబడి ఉంది. గుర్రాల దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళి, వెనక దారిన వచ్చేసింది. ఖాజా కారు ఆపాడు.

పిల్ల దిగి కిటికీ దగ్గరికి వచ్చింది.

"అవ్వా."

నాలుగేళ్ళ తర్వాత ఆ పిలుపు. గంగులమ్మ అద్దం దించింది.

"చెప్పకుండా పోతాండావు" అంది దానా. అచ్చమైన చిన్నమండెం తెలుగు. కొంచెం తుప్పు పట్టింది, అంతే.

"నీకెవురు చెప్పినారు తల్లీ?"

"నువ్వే. పుష్పక్కకు ఫోన్లో చెప్పినావు."

గంగులమ్మ కారు తలుపు తెరిచింది. మోకాళ్ళు సహకరించక దిగలేకపోయింది. కూర్చున్నచోటి నుంచే పిల్లను దగ్గరికి లాక్కుంది.

"బాత్రూంలో కూచునేది పెట్టించేదాకా కింద కూచోవద్దు. మోకాళ్ళు నొస్తాయి. మేస్త్రీ రాకపోతే పుష్పక్కను తిట్టు" అంది దానా.

ఆ మాటకు గంగులమ్మకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. పిల్ల తల మీద చేయి పెట్టి, ఇక ఏమనాలో తెలియక, "పోతాండా బిడ్డా" అంది.

దానా తల అడ్డంగా ఊపింది. "అట్ల చెప్పకూడదు. నువ్వే గదా చెప్పినావు. పోయొస్తా అని చెప్పు."

గంగులమ్మ ఆ పిల్లకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ప్రతిసారీ ఆ మాట చెప్పింది, ప్రతిసారీ వచ్చింది. ఈసారి రాదని ఇద్దరికీ తెలుసు. వెనక దూరంగా మామా వచ్చి నిలబడింది. చూసింది, దగ్గరికి రాలేదు. దానా కారు తలుపు పట్టుకుని ఎదురుచూస్తోంది. చిన్నప్పుడు వాళ్ళ నాన్నకు అడ్డం నిలబడినట్టే నిలబడింది.

"పోయొస్తా" అంది గంగులమ్మ.

"పోయిరా అవ్వా."

పిల్లే తలుపు వేసి, వెళ్ళి గేటు తీసింది.

అబ్దలీ రోడ్డు తిన్నగా ఉంటుంది. చూడ్డానికి అటూ ఇటూ ఏమీ ఉండదు. చాలాసేపు గంగులమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుందట. ఖాజాకు మధ్యలో ఏదో తట్టింది. ఆ రోజు నీళ్ళ క్యాన్ల సంగతి తాను తెలుగులో అడిగితే కదా పిల్ల జవాబు చెప్పింది, మనిద్దరం ఎంత మొద్దులం అక్కా అన్నాడు. ఆమె జహ్రా మేడలు కనబడుతుండగా నోరు విప్పింది.

"ఖాజా, నీకు పోవాలనుందా అని అడిగిందిరా నన్ను. సాల్మీలో."

"మజ్రాకు గదక్కా?"

"మజ్రాకు గాదురా. మా ఊరికి. చానా ఉండాదని చేతులు సాంచి చూపిచ్చినా." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను అంతగా పోవాలంటాండానని ఆ లెక్కలు చేసేసిందిరా."

ఖాజా విమానాశ్రయం దారి దగ్గర ఇండికేటర్ వేసి కుడివైపు లేన్‌లోకి వచ్చాడు.